ఎప్పుడు మొదలైందో తెలియని వెలుగు

మా అక్కకు చూపు పోయిందన్న సంగతి నాటక సమాజంలో ఎవరికీ పూర్తిగా తెలియదు. మందగించిందని తెలుసు. చేతికర్రతో వస్తుందనీ, మెట్ల దగ్గర నా భుజం పట్టుకుంటుందనీ చూశారు. అంతేగానీ, ఆమెకు అసలేమీ కనబడదనీ, కిటికీ తెరిచి ఉందో మూసి ఉందో కూడా మొహానికి తగిలే గాలిని బట్టే చెబుతుందనీ మా ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలుసు. మా ఇంట్లోవాళ్ళంటే నేనూ, నా భార్యా.

అక్క పని నాటకాలకు దీపాలు అమర్చడం. ఆ మాటంటే ఆమెకు గిట్టదు. "దీపం పెట్టేది నువ్వు, దేవుడి ముందు. నేను పెట్టేది వెలుగు" అనేది. ఏ దీపం ఎక్కడ వేలాడాలి, దానికి ఏ రంగు కాగితం తొడగాలి, ఏ మాట దగ్గర ఎంత పెరగాలి, ఎంత తగ్గాలి, అన్నీ ఆమె చెప్పాలి. నాటకం చూసి బయటికొచ్చినవాళ్ళు నటుల్ని పొగుడుతారు, పాటల్ని పొగుడుతారు. వెలుగును పొగిడినవాణ్ణి నేను చూడలేదు. "పొగిడారంటే పాడైనట్టేరా. నీళ్ళు బాగా వచ్చిన రోజు నిన్నెవరైనా పొగుడుతారా?" అనేది అక్క.

నేను నీళ్ళ సరఫరా శాఖలో వాల్వులు తిప్పే మనిషిని. పెద్ద పైపు మీద చక్రం ఉంటుంది. దాన్ని గబుక్కున మూస్తే లోపల పారే నీళ్ళు ఎదురు తన్ని, వీధంతా పైపులు ధన్‌మని కొట్టుకుంటాయి. అందుకని మెల్లగా తిప్పాలి. నాకు చిన్నప్పటినుంచీ అన్నీ మెల్లగానే అలవాటు. అన్నం తినడం, నడవడం, జవాబు చెప్పడం కూడా. అక్క నన్ను నత్త అని పిలిచేది. జుట్టు నెరిసినా ఆమెకు నేను నత్తనే.

ఆ ఏడు సమాజంవాళ్ళు కొత్త నాటకం ఎత్తుకున్నారు. దానికి అక్క వెలుగు పెట్టాలి. అదే తన చివరి నాటకమని ఆమె నాతో చెప్పింది, వాళ్ళతో చెప్పలేదు. అంతకు ముందు దీపాల వెలుగు పెంచే, తగ్గించే మీటల దగ్గర కూర్చునే ఆయన వేరే చోట ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ఆయన బదులు వచ్చినతను ప్రతి దీపానికీ అంకె చెప్పమన్నాడు. అక్క ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది.

"అంకెలు కళ్ళున్నవాళ్ళవిరా. ఎంత వెలుగో చూసి, ఇంత అని చెప్పాలి. నాకు మాటలే మిగిలాయి. నువ్వొచ్చి మీటల దగ్గర కూర్చో."

"నాకేం తెలుసక్కా ఆ పని?"

"వాల్వు తిప్పడం తెలుసుగా. ఇదీ అంతే. నీళ్ళ బదులు వెలుగు."

నా భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. "వదినా, ఎంచి ఎంచి ఈయన్నా? ఇంట్లో బల్బు మార్చమని మొన్నటి వానలప్పుడు చెప్పాను. ఇంకా మంచి రోజు చూస్తూనే ఉన్నారు."

"అందుకే వీడు కావాలి మరదలా. నాకు తొందరపడే మనిషి వద్దు."

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క నాకు నాటకం కథ చెప్పింది. ఒక ఊరికి ఒకామె వస్తుంది. ఆమె చేతిలో ఖాళీ పంజరం ఉంటుంది. ఎవరు ఆ పంజరంలోకి తొంగి చూస్తే వాళ్ళు ఆమెకు చిక్కుకుంటారు. ముందు ధాన్యం వ్యాపారి, తర్వాత కాపలావాడు, ఆ తర్వాత న్యాయాధికారి, చివరికి ఊరు ఊరంతా. కథ ఇంగ్లీషులోంచి వచ్చింది. తెలుగు చేసిన మాస్టారు ప్రతిసారీ "మంత్రముగ్ధుడయ్యాడు" అని రాశారు. వ్యాపారి మంత్రముగ్ధుడయ్యాడు. కాపలావాడు మంత్రముగ్ధుడయ్యాడు. న్యాయాధికారీ మంత్రముగ్ధుడయ్యాడు.

"మంచి మాటే. తప్పేం లేదు. కానీ అందరికీ ఒకే కొలత చొక్కా తొడిగినట్టుంది. అసలు ప్రతిలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క మాట ఉంది. నా కళ్ళు బాగున్న రోజుల్లోనే అది చదువుకున్నాను. నటులు ఎటూ తెలుగులో ఒకటే మాట అంటారు కదా, ఆ తేడా వెలుగు చెప్పాలి. నీకు అంకెలు చెప్పను, ఆ ఇంగ్లీషు మాటలు చెబుతాను. మాట వినగానే నీ చేతికి వెలుగు తెలియాలి" అంది అక్క.

"నాకు ఇంగ్లీషు బోర్డులు చదవడమే కష్టం."

"చదవొద్దు. విను. వ్యాపారికి చార్మ్."

"చార్మ్ అంటే?"

అక్క ఆలోచించే లోపు నా భార్య అడిగింది: "ముచ్చటపడి ఒప్పుకోవడమా వదినా? మన కూరలబండాయన లేడూ! నన్ను పెద్దమ్మా అంటాడు, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయంటాడు, నా కళ్ళముందే పుచ్చు వంకాయ తక్కెడలో వేస్తాడు. చూస్తూనే ఉంటాను. నవ్వుతూ సంచీ పడతాను."

అక్క బల్ల మీద చరిచింది. "అదే! తెలుసు, అయినా పడతాం. అందులో భయం లేదు. కాబట్టి వెలుగు పక్కనుంచి రావాలి, కొట్టు గుమ్మంలో దీపంలాగా, వెచ్చగా. రెండోది కాపలావాడికి. బివిచ్. వాడికి తెలియదు. తన కాళ్ళే తనను నడిపిస్తున్నాయనుకుంటాడు."

"మందు పెట్టారంటామే, అదీ!"

"అబ్బ, మరదలా! ఆ మాస్టారి పక్కన నువ్వు కూర్చుని ఉంటే నాకీ పాట్లే ఉండేవి కావు. అదే. వెలుగు కిందనుంచి కొట్టాలి, కొంచెం ఆకుపచ్చగా. అప్పుడు వాడి నీడ వాడికంటే పెద్దదై వాడి వెనకాలే నిలబడుతుంది."

న్యాయాధికారికి ఎన్‌త్రాల్. ఆ మాట కడుపులో ఒక బానిస ఉన్నాడని చెప్పింది అక్క. పాతకాలంలో బానిసను త్రాల్ అనేవారట. సంకెళ్ళు కనబడవు, తల మాత్రం ఎత్తలేడు. వెలుగు నడినెత్తి మీదనుంచి తెల్లగా, బరువుగా పడాలి.

"ఏమండీ, పై ఆఫీసరు ఫోన్ చేస్తే అన్నం ముందునుంచి లేచి నిలబడతారే, అది ఇదేనా?" అంది నా భార్య. అక్క పొలమారేలా నవ్వింది. నేను మంచినీళ్ళు అందించాను.

"చివరిది ఊరంతటికీ. ఎన్‌చాంట్" అని ఆగింది. ఇంతసేపూ గలగలా మాట్లాడిన మనిషి మాట వెతుక్కుంది. "ఇందులో పాట ఉందిరా. పాట మనిషి లోపలికి వెళ్ళడం. ఎవరూ లాగరు, ఎవరూ కట్టెయ్యరు. ఎప్పుడు మొదలైందో తెలియదు. తెలిసేసరికి నువ్వు అందులో ఉంటావు."

"పసిబిడ్డ నిద్రలోకి జారినట్టా వదినా?"

"దగ్గరికొచ్చావు. కానీ అది నిద్ర కాదు. నిద్రలోకి జారినంత మెల్లగా మేలుకోవడం."

నాకు సందేహాలెక్కువ. దేవుణ్ణి కూడా అడుగుతుంటాను, నిలదీయను, అడుగుతానంతే. జీవితమంతా వెలుగుతో పని చేసిన మనిషి కళ్ళే ఎందుకు తీసుకున్నావు స్వామీ అని రోజూ ప్రార్థన చివర అడిగేవాణ్ణి. ఆ రాత్రి అక్కను ఇంకొకటి అడిగాను.

"నాలుగూ మనిషిని పట్టుకోవడమే గదక్కా. పట్టుకున్నది మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుంది?"

"వదిలాక తెలుస్తుంది. చార్మ్ వదిలితే నవ్వొస్తుంది. బివిచ్ వదిలితే సిగ్గేస్తుంది. ఎన్‌త్రాల్ ఓ పట్టాన వదలదు."

"మరి చివరిది?"

"ఇంటికి నడిచొచ్చే దారి కొత్తగా కనబడుతుంది" అంది అక్క.

రిహార్సల్స్ మొదలయ్యాయి. హాలు వెనక, పైన, చిన్న అద్దాల గది. అందులో బల్ల మీద పాతకాలపు మీటలు వరసగా ఉంటాయి. పైకి తోస్తే వెలుగు పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. చివర ఎర్రటి పెద్ద మీట ఒకటుంది. దాన్ని లాగితే అన్నీ ఒక్కసారే ఆరిపోతాయి.

నటులు రాకముందే మేమిద్దరం వెళ్ళేవాళ్ళం. నేను మీటల దగ్గర కూర్చుంటే, అక్క రంగస్థలం మీద పంజరం ఆమె నిలబడే చోట నిలబడేది. అవి పాత దీపాలు, పొయ్యిలా వేడెక్కేవి. ఆ వేడి అక్క చెంపలకు తగిలేది. వెలుగును ఆమె అలా చదివేది.

"చార్మ్!" అని కేకేసేది. నేను మీట తోసేవాణ్ణి.

"ఎడమ చెంప మీదికి కొంచెం ఎక్కువొచ్చిందిరా. ఆ మనిషికి అంత వెచ్చదనం పనికిరాదు. కొట్టు గుమ్మం అన్నాను, కొలిమి అనలేదు."

"బివిచ్!" నేను ఇంకో మీట తోసేవాణ్ణి.

"ఆఁ. గడ్డం కింద తగులుతోంది. బాగుంది."

చూసేవాళ్ళకు వింతగా ఉండేదేమో, ఎవరూ లేని హాల్లో ఒక ముసలామె మొహం పైకెత్తి, వాన చినుకు కోసం చూస్తున్నట్టు నిలబడి, అర్థం కాని మాటలు అరుస్తూ ఉంటే. నాకు మాత్రం ఆ మాటలు తొందరగానే చేతికెక్కాయి. ఇంట్లో కూడా అవే. నా భార్య కూరల సంచీ దించి, "ఇవాళా చార్మే" అనేది. పుచ్చు వంకాయలొచ్చాయని నాకు అర్థమయ్యేది.

నాలుగోది రాలేదు. పంజరం ఆమె చివర పాట పాడుతుంది. ఆ పాట మొదట్లో రంగస్థలం దాదాపు చీకటి. పాట పూర్తయ్యేసరికి నిండా వెలుగు. కానీ వెలుగు ఎప్పుడు మొదలైందో చూసేవాళ్ళకు తెలియకూడదు. అక్క ఒక ఏర్పాటు చేసింది. వెలుగు మొదలైనట్టు తనకు తెలియగానే వేలెత్తుతుంది. వేలు లేవకుండా మీట పైదాకా వెళ్ళాలి.

నేను మీట మీద చెయ్యి వేసి, వాల్వు తిప్పినంత మెల్లగా కదిపేవాణ్ణి. వేలు లేచేది. ఇంకా మెల్లగా కదిపేవాణ్ణి. వేలు లేచేది. ఒకసారి ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి కదిపాను. వేలు లేచింది.

"అక్కా, నీకు మీట చప్పుడు వినబడుతోందా ఏం?"

"నీ ఆలోచన వినబడుతోంది. ఇదిగో ఇప్పుడు మొదలెడుతున్నా, ఇదిగో ఇప్పుడే, అని అనుకుంటూ తోస్తున్నావు. ఆ అనుకోవడం చేతిలోకొస్తోంది."

"అనుకోకుండా ఎలా తోస్తానక్కా?"

"నాకేం తెలుసు. ప్రార్థన చేసే మనిషివి నువ్వు. అక్కడ ఏం చేస్తావో అదే చెయ్యి."

నేను సిగ్గుపడ్డాను. ప్రార్థనలో నేనేం చేస్తానో నాకు తెలుసు. కళ్ళు మూసుకుంటాను. పెదాలు కదులుతాయి. మనసు మాత్రం ఏ వీధికి నీళ్ళెప్పుడు వదలాలో లెక్క చూసుకుంటుంది.

ప్రదర్శన దగ్గరపడిన కొద్దీ అక్క తిండి తగ్గించింది. ఒక సాయంత్రం రిహార్సల్ ముగించుకుని ఇంటికి నడుస్తుంటే నేను ధైర్యం చేసి అడిగాను.

"అక్కా, దర్శకుడితో చెప్పేద్దాం. నీకు కనబడదని తెలిస్తే ఆయనా ఓ చెయ్యి వేస్తాడు. మంచివాడే."

నా భుజం మీద ఆమె చెయ్యి బిగుసుకుంది.

"మంచివాడనే భయం. తెలిసిందనుకో, ఆ రోజునుంచీ నేనేం చేసినా బాగుందంటాడు. అందరూ బాగుందంటారు. గుడ్డిదానికి బాగాలేదని మొహం మీద ఎవడు చెబుతాడురా? ఇది నా చివరి పని. నేను చూడలేను. బాగా వచ్చిందో లేదో నాకు ఎవరు చెప్పాలి?"

"నేను చెబుతాను."

"నువ్వు అందరికంటే ముందు అబద్ధం చెబుతావు. పైగా దేవుడి మీద ఒట్టు కూడా వేస్తావు."

నిజమే. అక్క అలా అడిగితే నేను అబద్ధమే చెప్పేవాణ్ణి. దేవుడికి తర్వాత సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆమెకు కావలసింది ఒక్కటే, నిజం. అది చెప్పే నోరు మాత్రం ఎక్కడా లేదు.

ప్రదర్శన ఒక ఆదివారం మధ్యాహ్నం. భోజనం చేసి వచ్చిన జనంతో హాలు నిండింది. నా భార్య మూడో వరసలో కూర్చుంది. అక్క నా పక్కన ఎత్తు పీట మీద కూర్చుని, నా మోచేతి మీద రెండు వేళ్ళు ఆనించింది. ఇక్కడ ఆమె చెంపలకు ఏమీ తగలదు. నటుల మాటలు విని, ఏ మాట దగ్గర ఏ వెలుగో నా చెవిలో చెప్పడమే. నా చెవులకు తగిలించిన ఫోన్‌లో దర్శకుడి గొంతు వినబడుతుంది. ఆయన రంగస్థలం పక్కన తెర వెనక ఉంటాడు.

"గుర్తుందిగా. మీటల దగ్గర కూర్చున్నవాడు నాటకం చూడకూడదు. కనిపెట్టుకుని ఉండాలి. చూడటం వేరు, కనిపెట్టుకుని ఉండటం వేరు. వంటమనిషి ఆకలితో వండితే ఉప్పు తెలియదు" అంది అక్క.

"అలాగేనక్కా."

"పాట అయిపోగానే, ఇక, అంటాను. ఎర్ర మీట లాగెయ్. ఒక్క రెప్పపాటు కూడా ఆలస్యం కాకూడదు."

చార్మ్ బాగా కుదిరింది. వ్యాపారి పంజరంలోకి తొంగి చూసి నవ్వితే జనమూ నవ్వారు. బివిచ్ దగ్గర కాపలావాడి నీడ వెనక గోడ మీద లేచింది, ముందు వరసలో ఎవరో చప్పున కాళ్ళు ముడుచుకున్నారు. ఎన్‌త్రాల్ దగ్గర న్యాయాధికారి తల వంగి, ఇక లేవలేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ప్రతిసారీ అక్క వేళ్ళు నా మోచేతి మీద కొంచెం నొక్కేవి. హాల్లో జరిగే చిన్న చిన్న చప్పుళ్ళన్నీ ఆమె ఏరుకుంటోందని నాకు తెలుసు.

చివరి రంగం వచ్చింది. ఊరి జనం చీకట్లో గుమిగూడారు. పంజరం ఆమె మధ్యలో నిలబడింది. "ఎన్‌చాంట్" అంది అక్క, ఊపిరి వదిలినంత మెల్లగా.

నేను మీట మీద చెయ్యి వేశాను. ఆమె పాట ఎత్తుకుంది.

ఆ పాట నేను రిహార్సల్స్‌లో చాలాసార్లు విన్నాను. అందులో గొప్ప మాటలేం లేవు. ఎవరి పిట్ట ఎగిరిపోయిందో వాళ్ళు వచ్చి చూసుకోండి, తలుపు తీసే ఉంది అని, అంతే. ఆ మధ్యాహ్నం ఆమె గొంతు కొద్దిగా బొంగురుపోయి ఉంది. మొదటి చరణంలో ఒక చోట ఊపిరి చాలక ఆగింది. ఆగిన చోట నేను కూడా ఆగాను. ఆమెతో పాటు మళ్ళీ ఊపిరి తీసుకున్నాను.

ఆ తర్వాత మీట సంగతి నాకు గుర్తు లేదు. ఆమె పంజరం పైకెత్తింది. తలుపు తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు, నిజంగానే ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోట వెలుగుంది. అది ఎక్కడినుంచి వస్తోందో తెలియలేదు, దీపాలన్నీ నా చేతి కిందే ఉన్నాయన్నది మరిచిపోయాను. తెల్లవారుజామున వాల్వు దగ్గరికి వెళ్ళే దారిలో ఒక్కోసారి ఇళ్ళూ స్తంభాలూ ఉన్నట్టుండి కనబడతాయి, చీకటి ఎప్పుడు పోయిందో చూడం. అలా కనబడ్డారు ఊరి జనం, ఒక్కొక్క మొహమూ. చూస్తున్నది నేనన్న సంగతి కూడా పోయింది. చూడటం ఒక్కటే మిగిలింది.

పాట ఆగిపోయింది.

చెవిలో ఎవరో అరుస్తున్నారు. "ఆర్పండి! బ్లాకౌట్! ఆర్పండయ్యా!" ఆ గొంతు ఏదో పక్కవీధిలో తగాదాలాగా, నాకు సంబంధం లేనట్టుగా ఉంది. "ఇక" అని అక్క అందట. నేను వినలేదు.

పంజరం ఆమె చెయ్యెత్తి అలాగే నిలబడింది. చెయ్యి వణుకుతోంది. ఆమె దించలేదు. హాల్లో ఎవరూ దగ్గలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరం ఆ వెలుగులో ఉన్నాం.

నా మోచేతి మీద వేళ్ళు లేచాయి. అక్క చెయ్యి నా ముందునుంచి, మీటల మీదుగా, ఎక్కడా తడుముకోకుండా వెళ్ళి ఎర్ర మీటను పట్టుకుంది. కొంచెంసేపు పట్టుకునే ఉంది. తర్వాత లాగింది.

చీకటి. ఆ తర్వాత చప్పట్లు వానలా వచ్చాయి.

అప్పుడు నాకు స్పృహ వచ్చింది. అక్క చివరి నాటకం. చివరి మీట. నేను ఆర్పలేదు.

"అక్కా, తప్పైపోయింది. నేను... నాకు తెలియలేదు."

ఆమె జవాబు చెప్పే లోపే దర్శకుడు మెట్లెక్కి వచ్చేశాడు. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు. "ఏమయ్యా, నిద్రపోయావా? గొంతు చించుకుని అరిచాను! ఆవిడ చెయ్యి పడిపోయేది ఇంకాసేపుంటే!"

"తమ్ముణ్ణేం అనకండి" అంది అక్క.

"అనకపోతే ఎలా అమ్మా? మీరు పక్కనే ఉన్నారు, మీరైనా చూసుకోవద్దా?"

"నాకు కనబడదు" అంది అక్క. "ఏమీ కనబడదు. ఈ నాటకం మొదలెట్టక ముందునుంచే."

దర్శకుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎర్ర మీట మీద ఇంకా ఉన్న ఆమె చెయ్యి వంక చూశాడు. గాజు బయట ఖాళీ అవుతున్న రంగస్థలాన్ని చూశాడు. ఏదో అనబోయాడు.

"బాగుందని చెప్పొద్దు" అంది అక్క. "మీకు పుణ్యముంటుంది. నాకు ఆ మాట ఇప్పుడు అక్కర్లేదు."

ఆయన చేతులు జోడించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అక్క నా వైపు తిరిగింది. మొహం నిండా నవ్వు. అలాంటి నవ్వు ఆమె కళ్ళు పోయాక నేను చూడలేదు.

"నత్తా, ఇక అన్నాను. వినబడిందా?"

"లేదక్కా. ఒట్టు..."

"ఒట్టు వెయ్యకు! నీ ఒట్లు నాకు తెలుసు. రెండోసారి అందామనుకుని ఆగిపోయాను. వీడికి వినబడటం లేదు అనుకున్నాను. చిన్నప్పటినుంచీ నేను పిలిస్తే ఎంత మెల్లగానైనా పలికేవాడు, ఇవాళ పలకలేదు. మీటల దగ్గర కూర్చుని, అన్నీ తెలిసి, చూడొద్దని చెప్పించుకుని కూడా." ఆమె నా భుజం తట్టింది. "నోటితో అబద్ధం చెప్పగలవురా నువ్వు. వినబడకపోవడం అబద్ధం కాదు."

ఆ బల్ల మీద ఒక చల్లారిన టీ గ్లాసు ఉంది. రోజూ చూసేదే. దాని అంచు మీద మెట్ల తలుపులోంచి వచ్చే వెలుతురు సన్నగా ఒక గీతలా నిలబడి ఉంది. అంత అందమైన గ్లాసు ఇన్నాళ్ళూ నా పక్కనే ఉందా అనిపించింది. ఇన్నేళ్ళ ప్రార్థనలో నన్ను నేను అంతసేపు ఎన్నడూ మరిచిపోలేదు. ఒక నాటకంలో, మనిషి అమర్చిన దీపాల ముందు మరిచిపోయాను. అది తప్పేమోనన్న సందేహం కలిగింది. కానీ ఆ సందేహానికి పదును లేదు. వెలుగు ఎవరు అమర్చినా వెలుగెవరిది అని కూడా అనిపించింది. ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

జనం వెళ్ళిపోయారు. నటులు మొహాలు కడుక్కుంటున్నారు. నా భార్య పైకి వచ్చి నా పక్కన నిలబడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నన్ను కిందికి తీసుకెళ్ళు మరదలా. వీడు ఇక్కడే ఉంటాడు. నాకోసం ఒక్కసారి" అంది అక్క.

నా భార్య ఆమెను రంగస్థలం మీదికి తీసుకెళ్ళి, పంజరం ఆమె నిలబడే చోట నిలబెట్టి, తాను వచ్చి మూడో వరసలో తన కుర్చీలోనే కూర్చుంది. హాలు తలుపులు మూసేశారు. అంతా చీకటి. ఆ చీకట్లో అక్క మొహం పైకెత్తి నిలబడి ఉంటుందని నాకు తెలుసు. వేలు ఎత్తడానికి సిద్ధంగా.

నేను మీట మీద చెయ్యి వేశాను. పాట లేదు. అయినా ఆ గొంతు బొంగురుపోయిన చోటు, ఊపిరి చాలక ఆగిన చోటు నాకు వినబడుతూనే ఉన్నాయి. ఎవరి పిట్ట ఎగిరిపోయిందో వాళ్ళు వచ్చి చూసుకోండి. నేను ఆమెతో పాటు ఆగాను. ఆమెతో పాటు ఊపిరి తీసుకున్నాను. ఎప్పుడు మొదలెట్టానో నాకే తెలియదు.

అక్క కనబడింది. ముందు తెల్లటి జుట్టు, తర్వాత నుదురు, తర్వాత మొహమంతా. చేతికర్ర మీద ఒక చెయ్యి. రెండో చెయ్యి పక్కన, వేలు లేవలేదు. వెలుగు ఆమె భుజాల మీదికి, పాత చెప్పుల దాకా దిగింది. ఆమె వెనక గోడ కనబడింది, నేల మీద చెక్కల గీతలు కనబడ్డాయి. నా చేతి కింద మీట పైఅంచుకు తగిలి ఆగింది. ఇంక పోవడానికి చోటు లేదు.

వేలు లేవలేదు.

నిండు వెలుగులో నిలబడి, అక్క నా వైపు మొహం తిప్పి కేకేసింది.

"ఒరేయ్ నత్తా! ఇంకా మొదలెట్టవేంరా?"

నేను మీటను అలాగే పట్టుకుని ఉన్నాను. మూడో వరసలో నా భార్య రెండు చేతులతో నోరు మూసుకుంది.

జవాబు రాకపోయేసరికి అక్క ఒక్క క్షణం చెవి ఒగ్గి నిలబడింది. తర్వాత ఏదో అనుమానం వచ్చినట్టు, పక్కనున్న చెయ్యి మెల్లగా పైకి లేచింది. దీపాల వేడి తగిలిన చెంపను తాకింది. అక్కడే ఆగిపోయింది.